ఒక కంప్యూటర్, రెండు డ్రైవులు: ఏది ఎక్కడ దాచాలి?



ప్రాజెక్టు గడువు దగ్గరపడిన ప్రతిసారీ తరగతిలో ఒక మాట వినిపిస్తుంది: "సిస్టమ్ నిండిపోయింది టీచర్, సేవ్ అవ్వలేదు." కాస్త వివరంగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. చాలా ఇళ్లలో కంప్యూటర్ నిండలేదు. అందులోని చిన్న డ్రైవ్ ఒక్కటే నిండింది. పక్కనే ఉన్న పెద్ద డ్రైవ్ దాదాపు ఖాళీగా పడి ఉంది.

అప్పుడు ఇంట్లో సాధారణంగా రెండింటిలో ఒకటి జరుగుతుంది. "పాతదైపోయింది, కొత్తది కొనాలి" అని నిర్ణయించుకోవడం ఒకటి. ఏది తీస్తే ఖాళీ అవుతుందో తెలియక, కంటికి పెద్దగా కనిపించిన ఫోల్డర్‌ను డిలీట్ చేసేయడం రెండోది. మొదటి దారిలో డబ్బు పోతుంది. రెండో దారిలో తాతగారి షష్టిపూర్తి ఫొటోలు పోతాయి. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, ఆ ఫొటోలు మళ్లీ తీయలేం.

అందుకే ఈ నెల పాఠం పిల్లలకే కాదు, మీకు కూడా. రెండు డ్రైవులున్న కంప్యూటర్‌లో ఏ వస్తువును ఎక్కడ పెట్టాలి, ఎంత ఖాళీ ఉంచాలి, పోకుండా ఎలా కాపాడుకోవాలి అన్నది చూద్దాం.

ముందుగా ఒక చిన్న పరీక్ష

తెర మీద సి, డి అని రెండు డ్రైవులు కనిపించినంత మాత్రాన లోపల రెండు పరికరాలు ఉన్నట్టు కాదు. ఒకే పరికరాన్ని రెండు భాగాలుగా చేసి రెండు పేర్లు పెట్టి ఉండవచ్చు. ఒకే గదికి మధ్యలో పరదా కట్టినట్టు అన్నమాట. ఈ తేడా తెలియకుండా ముందుకు వెళ్లకూడదు.

తెలుసుకోవడం తేలిక. పెన్‌డ్రైవ్ లాంటివి ఉంటే తీసేయండి. కీబోర్డ్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడింటినీ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే భాగంలోకి వెళితే డిస్క్ 0, డిస్క్ 1 అని కనిపిస్తాయి. ఏ డిస్క్‌కు ఏ అక్షరం ఉందో, అది ఎస్‌ఎస్‌డీయో హెచ్‌డీడీయో అక్కడే రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అంటే మనం మామూలుగా హార్డ్ డిస్క్ అనేదే. మీకు కనిపించేది ఈ మూడింటిలో ఒకటి కావచ్చు.

1. సి ఒక డిస్క్‌లో, అది ఎస్‌ఎస్‌డీ. డి ఇంకో డిస్క్‌లో, అది హార్డ్ డిస్క్. ఇది సరైన అమరిక. ఈ వ్యాసం మీ కోసమే.

2. ఒకటే డిస్క్, దాని పక్కనే సి, డి రెండు అక్షరాలూ. అంటే పరికరం ఒక్కటే. సి లోని ఫొటోలను డి లోకి మారిస్తే సి లో చోటు దొరుకుతుంది కానీ భద్రత ఏమీ పెరగదు. పరికరం చెడితే రెండూ కలిసే పోతాయి.

3. రెండు డిస్కులూ ఉన్నాయి, కానీ సి హార్డ్ డిస్క్ మీద ఉంది, ఎస్‌ఎస్‌డీ ఖాళీగా ఉంది. ఎస్‌ఎస్‌డీ కొని పెట్టించినా విండోస్‌ను దాని మీదికి మార్చలేదన్నమాట. డబ్బు పెట్టినా వేగం రాని ఇళ్లలో తరచూ ఇదే కారణం. విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చి పెట్టమని మెకానిక్‌ను అడగండి. ముందుగా మీ ఫైళ్లకు ఒక కాపీ తీసి బయట ఉంచుకోండి.

డ్రైవుల పేర్లు సి తోనే ఎందుకు మొదలవుతాయని పిల్లలు అడుగుతారు. ఏ, బి అక్షరాలు ఒకప్పుడు ఫ్లాపీ డ్రైవులకు ఇచ్చారు. ఫ్లాపీలు పోయాయి, అక్షరాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

రెండింటి స్వభావం వేరు

హార్డ్ డిస్క్ లోపల గుండ్రటి పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద వెంట్రుకలో ఎన్నో వంతు ఎత్తులో ఒక సన్నని చేయి కదులుతూ చదువుతుంది, రాస్తుంది. కావలసిన ఫైలు ఎక్కడుందో ఆ చేయి అక్కడిదాకా వెళ్లాలి. అందుకే ఒక పెద్ద సినిమాను కాపీ చేయడం కంటే వేలాది చిన్న ఫైళ్లను కాపీ చేయడం దానికి ఎక్కువ శ్రమ. పనిలో ఉండగా దెబ్బ తగిలితే పాడయ్యేది కూడా ఇందువల్లే.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. పెన్‌డ్రైవ్‌లో, ఫోన్‌లో ఉండే రకం చిప్పులే ఉంటాయి. ఎక్కడున్న ఫైలైనా వెంటనే అందుతుంది. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 200 ఎంబీ వరకు చదివితే, సాటా రకం ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాకా, ఎన్‌వీఎంఈ రకం అంతకు కొన్ని రెట్లు ఎక్కువగా చదువుతాయి. కానీ అదే డబ్బుకు హార్డ్ డిస్క్‌లో చోటు చాలా ఎక్కువ వస్తుంది. అందుకే కంప్యూటర్‌లో చిన్న ఎస్‌ఎస్‌డీ, పెద్ద హార్డ్ డిస్క్ కలిపి పెడతారు.

కొట్టు, గోదాం

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ తెలియనివారు మన ప్రాంతంలో ఉండరు. అక్కడ ఏ వ్యాపారిని చూసినా పద్ధతి ఒకటే. ఇవాళ అమ్ముడయ్యే సరుకు చేతికి అందేలా ముందు ఉంటుంది. మిగిలిన బస్తాలు గోదాంలో ఉంటాయి. బస్తాలన్నీ కొట్టు ముందే పేరిస్తే మనిషి నిలబడే చోటుండదు, కాటా పెట్టే చోటుండదు. అలాగని ఇవాళ్టి సరుకు కూడా గోదాంలోనే ఉంచితే ప్రతి బేరానికీ లోపలికి పరుగెత్తాలి.

ఎస్‌ఎస్‌డీ కొట్టు. హార్డ్ డిస్క్ గోదాం. ఇంతే సూత్రం.

కొట్టులో, అంటే ఎస్‌ఎస్‌డీలో ఉండాల్సినవి: విండోస్, రోజూ వాడే ప్రోగ్రాములు, బ్రౌజర్, ఈ సంవత్సరం చదువుకు సంబంధించిన పని, పిల్లలు ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టు.

గోదాంలో, అంటే హార్డ్ డిస్క్‌లో ఉండాల్సినవి: ఫొటోలు, పెళ్లి వీడియోలు, సినిమాలు, పాటలు, పాత తరగతుల నోట్సు, డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న పీడీఎఫ్‌లు, అప్పుడప్పుడూ ఆడే పెద్ద గేములు.

అనుమానం వస్తే ఒకే ప్రశ్న వేసుకోండి: "ఈ నెలలో దీన్ని ఎన్నిసార్లు తెరిచాం?" ఒక్కసారీ తెరవకపోతే అది గోదాం సరుకు.

256 కొంటే 238 ఎందుకు కనిపిస్తోంది?

"256 జీబీ అని డబ్బు తీసుకుని 238 ఇచ్చారు" అని కొందరు తల్లిదండ్రులు అనుమానపడుతుంటారు. ఇందులో మోసం లేదు, లెక్కలో తేడా ఉంది. తయారుచేసే కంపెనీ 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కేస్తుంది. విండోస్ మాత్రం 1024 ను మూడుసార్లు గుణించి, 107 కోట్ల 37 లక్షల చిల్లర బైట్లను 1 జీబీగా చూపిస్తుంది. కాబట్టి 256 జీబీ అని కొన్నది 238 గానూ, 512 అని కొన్నది 476 గానూ, 1 టీబీ అని కొన్నది 931 జీబీగానూ కనిపిస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల చేత ఈ భాగహారం చేయించండి. సంఖ్యల ఘాతాలు ఎందుకు నేర్చుకుంటున్నారో వాళ్లకే అర్థమవుతుంది.

ఖాళీ అంటే వృథా కాదు

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన విషయం. సి డ్రైవ్‌ను అంచుదాకా నింపకూడదు. ఐదో వంతు, అంటే సుమారు 20 శాతం ఖాళీగా ఉంచడం మంచి అలవాటు.

"కొన్న చోటును ఖాళీగా ఉంచడమేమిటి?" అని అనిపించవచ్చు. దీనికి జవాబు మన కొల్లేరు దగ్గర ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు వాననీటిని తెస్తాయి. సరస్సు ఆ నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రంలోకి వదులుతుంది. ఎండాకాలంలో చూస్తే ఆ నేల ఊరికే పడి ఉన్నట్టు కనిపిస్తుంది. చెరువుల గట్లు పెరిగినకొద్దీ వరద నిలవడానికి చోటు తగ్గింది. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో గట్లు కొట్టించే కార్యక్రమం కూడా జరిగింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, దిగువన కొల్లేరు లంక గ్రామాలను కూడా నీరు చుట్టుముట్టింది. చెరువుల మీద బతికే కుటుంబాల పిల్లలు మన తరగతుల్లోనూ ఉన్నారు కాబట్టి తప్పు ఎవరిదన్న చర్చ ఇక్కడ పెట్టడం లేదు. ఖాళీగా కనిపించే చోటుకు కూడా ఒక పని ఉంటుందన్నదే పిల్లలు గమనించాల్సిన సంగతి.

ఎస్‌ఎస్‌డీలో ఆ ఖాళీ చేసే పని ఏమిటి? పలకతో పోల్చి చూడండి. పలక మీద పాతది చెరిపితేనే కొత్తది రాయగలం. ఎస్‌ఎస్‌డీ కూడా అంతే, కానీ దానికి ఒక ఇబ్బంది ఉంది. అది ఒక్క గీతను చెరపలేదు, చెరిపితే పలక మొత్తం చెరపాలి. పలక మీద పనికొచ్చే గీతలు ఇంకా ఉంటే ముందు వాటిని ఇంకో ఖాళీ పలక మీదికి ఎక్కించి, ఆ తర్వాత దీన్ని తుడుస్తుంది. ఖాళీ పలకలు ఎక్కువ ఉన్నంతకాలం ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఖాళీ పలకలు తగ్గితే ప్రతి రాతకూ ఈ ఎక్కింపు, తుడుపు తప్పవు. అందుకే నిండిన ఎస్‌ఎస్‌డీ నెమ్మదిస్తుంది. విండోస్ అప్‌డేట్లకు, ప్రోగ్రాములు పని మధ్యలో రాసుకునే తాత్కాలిక ఫైళ్లకు కూడా ఈ ఖాళీయే కావాలి.

గోదాంకు సరుకు తరలించే పద్ధతి

మొదట డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరిచి, అందులో ఫొటోలు, వీడియోలు, డౌన్‌లోడ్లు, పాత చదువు అని నాలుగు ఫోల్డర్లు పెట్టండి. ఇక నుంచి వచ్చే ఫైళ్లు వాటంతట అవే అక్కడికి వెళ్లేలా ఇలా చేయవచ్చు:

1. పిక్చర్స్ ఫోల్డర్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్ ఎంచుకోండి.

2. అందులో లొకేషన్ అనే భాగంలో మూవ్ అనే బటన్ నొక్కి, డి లోని ఫొటోల ఫోల్డర్‌ను చూపించండి.

3. అప్లై నొక్కాక "పాత ఫైళ్లను కూడా తరలించాలా?" అని అడుగుతుంది. ఎస్ అనండి. పని పూర్తయ్యేదాకా కంప్యూటర్ ఆపకండి.

4. వీడియోస్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లకు కూడా ఇలాగే చేయండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మూవ్ చేసేటప్పుడు నేరుగా డి డ్రైవ్‌నే చూపించకండి. ప్రతిదానికీ విడిగా ఒక ఫోల్డర్ చూపించాలి, లేకపోతే అన్నీ కలగలిసిపోయి తర్వాత విడదీయడం కష్టమవుతుంది. రెండోది, మీ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌తో అనుసంధానమై ఉంటే ముందు వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్ బ్యాకప్‌ను ఆపి, ఫైళ్లన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయని చూసుకున్నాకే తరలించండి.

మీరే చేత్తో తరలించే ఫైళ్లకు మా తరగతిలో చెప్పే నియమం ఇది: కాపీ చెయ్యి, తెరిచి చూడు, ఆ తర్వాతే తీసెయ్యి. కట్ చేసి పేస్ట్ చేస్తుండగా కరెంటు పోతే కొన్ని అక్కడ, కొన్ని ఇక్కడ మిగులుతాయి.

తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరవండి. ఏది ఎంత చోటు తిన్నదో అక్కడ పట్టికలా కనిపిస్తుంది. టెంపరరీ ఫైల్స్‌లో ఉన్నవాటిని చాలావరకు తీసేయవచ్చు. అయితే ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ కూడా ఉంటాయి. వాటిలో ఏముందో చూడకుండా టిక్ పెట్టకండి. హాల్ టికెట్లు, ఫీజు రసీదులు ఎక్కువగా ఉండేది డౌన్‌లోడ్స్‌లోనే.

చేయకూడని నాలుగు పనులు

విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్లను డి లోకి లాగి పడేయకండి. ప్రోగ్రాములు పనిచేయడం మానేస్తాయి. గేము చోటు మార్చాలంటే ఆ గేములోనో, స్టోర్‌లోనో ఇచ్చిన పద్ధతిలో మార్చండి, లేదా తీసేసి డి లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

"ఒక్క క్లిక్‌తో వేగం పెంచుతాం" అనే ఉచిత సాఫ్ట్‌వేర్లను నమ్మకండి. కావలసిన శుభ్రత విండోస్‌లోనే ఉంది.

పాత రోజుల్లో చేసినట్టు ఎస్‌ఎస్‌డీకి బయటి సాఫ్ట్‌వేర్‌తో డీఫ్రాగ్ చేయకండి. అనవసరపు రాతలే తప్ప లాభం లేదు. దానికి కావలసిన ఆప్టిమైజ్ పనిని విండోస్ తనంతట తానే చేసుకుంటుంది.

నడుస్తున్న హార్డ్ డిస్క్‌ను కదపకండి, స్విచ్ ఆపి కంప్యూటర్ కట్టేయకండి. వానాకాలంలో కరెంటు వచ్చి పోతుంటుంది కాబట్టి డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండటం మంచిది.

రెండు డ్రైవులున్నా ఒకే పెట్టె

చాలామంది "డి లో కూడా పెట్టాం కదా, భద్రమే" అనుకుంటారు. రెండు డ్రైవులూ ఒకే పెట్టెలో, ఒకే కరెంటు తీగకు ఉన్నాయి. పిడుగు పడినా, ఇంట్లోకి నీళ్లు వచ్చినా, దొంగతనం జరిగినా, వైరస్ చేరినా రెండూ కలిసే పోవచ్చు. పైగా ఇవి చెడే తీరు కూడా వేరు. హార్డ్ డిస్క్ చాలాసార్లు టిక్‌టిక్ చప్పుడుతోనో, నత్తనడకతోనో ముందే హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌డీ చెప్పాపెట్టకుండా ఆగిపోగలదు. దాంట్లో డిలీట్ అయిన ఫైలును తిరిగి రాబట్టడం కూడా హార్డ్ డిస్క్ కంటే కష్టం.

పొలం కాగితాలను మన పెద్దలు ఎలా చూసుకునేవారో గుర్తు చేసుకోండి. అసలు బీరువాలో, నకలు ఇంకోచోట. ఫైళ్లకు కూడా అదే పద్ధతి: ముఖ్యమైనదానికి మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల పరికరాల్లో ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి.

ఖర్చు తక్కువలో ఇలా చేయవచ్చు. ఒక ప్రతి కంప్యూటర్‌లో. రెండోది బయటి హార్డ్ డిస్క్‌లో, కాపీ చేసేటప్పుడు మాత్రమే కలిపి, తర్వాత తీసేసి బీరువాలో. మూడోది ఇంటర్నెట్‌లో. గూగుల్ ఖాతాకు ఉచితంగా వచ్చే 15 జీబీని మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ పంచుకుంటాయి కాబట్టి అన్నీ కాకుండా ఏరి పెట్టుకోండి. ఇంటర్నెట్ వద్దనుకుంటే రెండో బయటి డిస్క్‌ను వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉంచండి. కైకలూరులో ఇల్లుంటే తాడేపల్లిగూడెంలో మేనమామ బీరువా మంచి చోటే. ఆధార్, మార్కుల మెమో లాంటి కాగితాలకు 2015లో మొదలైన ప్రభుత్వ డిజిలాకర్ ఉంది.

ఏళ్ల తరబడి కదపకుండా దాచడానికి మాత్రం ఎస్‌ఎస్‌డీని, పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోకండి. చాలాకాలం కరెంటు తగలకపోతే వాటిలోని సమాచారం చెదిరే అవకాశం ఉంది. ఏ డిస్క్‌లో దాచినా ఏడాదికోసారి తెరిచి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి.

ఈ ఆదివారం పిల్లలతో

మీరు మౌస్ పట్టుకోకండి. మీ అమ్మాయినో అబ్బాయినో కూర్చోబెట్టి, పక్కన మీరు కూర్చోండి. అరగంటలో ఈ పనులు చేయించండి.

1. టాస్క్ మేనేజర్ తెరిచి, ఏ డ్రైవ్ ఏ రకమో కాగితం మీద రాయడం.

2. సి, డి డ్రైవుల మొత్తం చోటు, ఖాళీ చోటు రాసి, ఖాళీ ఎంత శాతమో కట్టడం.

3. సి లోని అతి పెద్ద ఐదు ఫైళ్లు వెతికి, ఒక్కోటి కొట్టు సరుకా గోదాం సరుకా తేల్చడం. ఏదైనా తీసేసే ముందు మిమ్మల్ని అడగాలి.

4. ఈ లెక్క చేయడం: సి డ్రైవ్ 240 జీబీ. 20 శాతం ఖాళీ ఉంచాలి. విండోస్, ప్రోగ్రాములు 72 జీబీ. మిగిలేది ఎంత? నిమిషం వీడియో 100 ఎంబీ, 1 జీబీని 1,000 ఎంబీగా తీసుకుంటే, మిగిలిన చోటులో ఎన్ని గంటల వీడియో పడుతుంది?

జవాబు: ఖాళీకి 48 పోగా, ప్రోగ్రాములకు 72 పోగా మిగిలేది 120 జీబీ. అందులో 1,200 నిమిషాలు, అంటే 20 గంటల వీడియో పడుతుంది.

ఇక నుంచి నెలకోసారి ఈ పని పిల్లలకే అప్పగించండి. ఇంట్లో ఏది ముఖ్యం, ఏది కాదు అని వాళ్లు మిమ్మల్ని అడగాల్సి వస్తుంది. ఆ పాత ఫొటోల్లో ఉన్నవాళ్లు ఎవరో మీరు చెప్పాల్సి వస్తుంది. అందుకు కాస్త సమయం పట్టినా తొందరపెట్టకండి. ఫోల్డర్‌కు పేరు, తేదీ సరిగ్గా రాయించండి. మీ కంప్యూటర్ అమరిక ఇక్కడ చెప్పినట్టు లేకపోతే, టాస్క్ మేనేజర్‌లో కనిపించిన వివరాలను పిల్లల డైరీలో రాసి పంపండి. తరగతిలో కలిసి చూసి జవాబు రాస్తాం.